వానకు ముందే గృహసంరక్షణ

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

ఈ సభలో పండితులు పంచాంగము వినిపించుదురు, కవులు పద్యములు చదువుదురు. మేము పండితులము కాము, కవులము కాము. మెట్రిక్యులేషను చదివి రైల్వేలో గుమాస్తా పని చేసుకొనువారము. కార్యవర్గమువారు నాలుగు మాటలు చెప్పుమనగా, అందరికిని పనికివచ్చు సంగతి ఒకటి చెప్పుదమనుకొంటిమి. అది ఇల్లు చెడకుండ కాపాడుకొనుట. ఈ యేడు వాన ఎంతయో పంచాంగములో విన్నాము. ఆ వాన మన నెత్తిమీద కారకుండ చూచుకొనుట మాత్రము మన పని.

రైలుదారిమీద కీమన్ అనువాడొకడు ఉండును. సుత్తి, స్పానరు పట్టుకొని ప్రతిదినము తన వంతు దూరము నడచును. వదులైనది కనబడిన అక్కడికక్కడే బిగించును. వానకాలమునకు ముందు ప్రక్క కాలువలలో పూడిక తీయుదురు, వంతెనల క్రింద నీటిదారి శుభ్రము చేయుదురు. ఇదంతయు బండి పడిపోయినదని చేయుపని కాదు, పడిపోకుండుటకు చేయుపని. మన ఇండ్లలో అట్టి కీమన్ ఎందరికి ఉన్నాడు?

మన బరంపురము ఇండ్ల సంగతి చూడుడు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడెను. అంతకుముందు గంజాము మద్రాసు రాజధానిలోనిది. ఆనాటి పద్ధతిలో కట్టిన పొడుగు ఇండ్లు పాత వీధులలో ఇప్పటికిని కలవు. ముందు అరుగు, తరువాత సావడి, గది వెనుక గది, చివర పెరడు, నుయ్యి. అటు ఇటు గోడలు పొరుగువారితో కలిసినవి. గాలి, వెలుతురు తక్కువ గనుక తడిసిన గోడ త్వరగా ఆరదు. కొత్త పేటలలోని కాంక్రీటు డాబాలకు వేరొక బాధ. గోపాల్‌పూరు సముద్రము సుమారు 15 కిలోమీటర్ల దూరముననే ఉన్నది. ఆ ఉప్పుగాలికి, కారుడు నీటికి లోపలి ఇనుము త్రుప్పు పట్టును. త్రుప్పు పట్టిన ఇనుము మునుపటికంటె రెండింతలకు పైగా ఉబ్బి, కాంక్రీటును పగులగొట్టి పెచ్చులుగా రాల్చును.

దీనికి తోడు తుపానులు. 1999 అక్టోబరు 17న వచ్చినది గోపాల్‌పూరు దగ్గరనే తీరము దాటినది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ కూడ అక్కడనే, గంటకు 200 కిలోమీటర్లకు మించిన గాలితో వచ్చెను. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరము దాటి మన జిల్లాను కూడ కొట్టినది. తుపాను ఆపుట మన చేతిలో లేదు. కాని వదులుగానున్న రేకు, పుచ్చిన వాసము, గొళ్ళెము లేని కిటికీ, ఇవి మన చేతిలోనివే. గాలి మొదట పట్టుకొనునది వీటినే.

మేమెరిగిన ఒక పెంకుటింటి సంగతి చెప్పెదము. కప్పుమీద రెండు పెంకులు పగిలినవి. ఇంటిలో వృద్ధురాలు ఒంటరిగా ఉండెడిది. కారుచోట గిన్నె పెట్టి ఒక వానకాలము గడిపినది. రెండవ యేట గిన్నెకు బదులు బకెట్టు వచ్చినది. నీరు గోడలోనికి దిగి, అందులోనున్న దూలపు కొనను నానబెట్టినది. ఆపైన చెదలు పట్టినవి. మూడవ యేట దూలము వంగినది. అప్పుడు మేస్త్రీ చెప్పిన మొత్తము విని కుమారుడు తల్లిని విశాఖపట్నము తీసుకొనిపోయి ఇంటికి తాళము వేసెను. రెండు పెంకులు, ఒక పూట కూలి, అంతటితో పోవలసినది. ఆమె నలుబదియేండ్లు ముగ్గుపెట్టిన వాకిలి పోయినది.

కాబట్టి ఉగాదికి, మృగశిర కార్తెకు నడుమనున్న రెండు నెలల పైచిలుకు కాలమును పోగొట్టుకొనరాదు. ఎండగా నుండును, గోడలు ఆరియుండును. పని నిలుచును. చేయవలసినవి ఇవి.

మొదట కప్పు. పగిలిన పెంకులు మార్చవలెను. డాబామీద ఆకులు, మట్టి ఊడ్చి, నీరు పోవు గొట్టములలో బిందెడు నీళ్ళు పోసి చూడవలెను. నిలిచిన నీరే ఇంటికి మొదటి శత్రువు.

రెండవది మొక్కలు. పక్షులు వేసిన గింజలకు రావి, మర్రి గోడలలో మొలచును. వ్రేలెడుండగా పెరికిన వేరుతో వచ్చును. చేయంత అయినప్పుడు గోడనే విప్పవలసివచ్చును. పైన కోసి వదలిన మరల చిగుర్చును.

మూడవది చెదలు. ద్వారబంధముల మొదళ్ళను, గోడ మూలలను చూడుడు. మట్టి గీతలు కనబడిన ఆలస్యము చేయరాదు. వంటచెరకు, పాత కాగితములు గోడకానించి పెట్టరాదు.

నాలుగవది గోడ. సున్నపు గోడ పెచ్చులూడినచో సున్నముతోనే పూయించుడు. పైన సిమెంటు మెత్తిన లోపలి తడి బయటికి పోక గోడను లోలోపల తినివేయును. ఏ పూతకైనను ముందు, నీరెక్కడనుండి వచ్చుచున్నదో కనిపెట్టవలెను. తడిగోడమీద కరెంటు తీగలున్నచో తెలిసినవానిని పిలిచి చూపించుడు.

రెండేండ్లకొకమారు బుఢీ ఠాకురాణి యాత్ర వచ్చును గదా! ఆ లెక్కన తలుపులకు, కిటికీ ఊచలకు రంగు వేయించినచో పని మరపునకు రాదు. దసరాకు ముందు రేకుల కొక్కెములు, గొళ్ళెములు ఒకసారి బిగించుకొనుట మంచిది. పాలవానికి, కిరాణాకు పద్దు వ్రాసికొనునట్లే, ఇంటికొక పద్దు పెట్టి నెలకింత అని తీసి ఉంచుడు. చిన్న జీతగాండ్రకు ఒకేసారి పెద్ద ఖర్చు వచ్చినచో అప్పే దారి యగును.

ఇక చివరి మాట. ఆ తాళము వేసిన ఇంటి తడి ఇప్పుడు ప్రక్కింటి గోడకు ఎక్కుచున్నది. ఉమ్మడి గోడల వీధిలో ఒకరి ఇల్లు ఒకరిది మాత్రమే కాదు. ఉద్యోగములకై హైదరాబాదు, విశాఖ వెళ్ళిన సోదరులారా, ఇంటిని చూడుమని ఒకరికి తాళపుచెవి ఇచ్చి వెళ్ళుడు. మన సంఘమువారికి మా మనవి యేమనగా: ఒక మంచి నిచ్చెన, కొన్ని పనిముట్లు సంఘము తరఫున కొని ఉంచవలెను. వైశాఖములో రెండు ఆదివారములు మన యువకులు నలుగురు కలిసి, ఒంటరిగానున్న పెద్దల ఇండ్ల కప్పులు చూచి రావలెను. ఎక్కి చూచుటకు మొదట మా పేరు వ్రాసికొనుడు.

ఈ సంవత్సరము మీ అందరి ఇండ్లు వానకు కారక, గాలికి చలింపక, పిల్లాపాపలతో కళకళలాడుగాక అని కోరుచు సెలవు తీసుకొనుచున్నాము.