ఆయుష్షు పెంచే మాత్ర

సంగారెడ్డి నుంచి పటాన్‌చెరుకు వచ్చే రహదారిపై ప్రయాణించేవారికి మందుల వాసన కొత్త కాదు. ఆ పారిశ్రామికవాడల కర్మాగారాలలో తయారయ్యే మందులు ఖండాంతరాలకు పోతున్నవి. అట్టి ఒక కర్మాగారంలో రసాయనికుడుగా పనిచేసే మా బాల్యమిత్రుడు ఇటీవల మా ఇంటికి వచ్చి, మా బల్లపైనున్న మందుల డబ్బా చూచి నవ్వినాడు. "ఈ గుప్పెడు మాత్రలు ఇంకెన్నాళ్లోయ్? ఆయుష్షునే పెంచే మాత్ర ఒకటున్నది. వారానికి ఒక్కసారి వేసుకుంటే చాలునట" అన్నాడు.

మా సంగతి శ్రోతలకు మనవి చేయవలసియున్నది. మాకు నలభైయేడేండ్లు. మధుమేహం, రక్తపుపోటు పాత పరిచయస్థులే. మూత్రంలో ప్రోటీను పోతున్నదని, అది మూత్రపిండాలు దెబ్బతింటున్నవనుటకు తొలి గుర్తని నిరుడు తెలిసినది. పిల్లలింకా చదువుకుంటున్నారు. ఇట్టి స్థితిలో ఆయుష్షు అన్న మాట ఎంత తీయగా వినిపించునో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ ఆశ నేటిది కాదు. చరకసంహితలోని చికిత్సాస్థానం రసాయన ప్రకరణంతోనే ఆరంభమవుతున్నది. కరక్కాయ, ఉసిరిక మొదలైనవాటితో చేసే యోగాలు అందులో ఉన్నవి. అయితే దేహాన్ని ముందుగా శుద్ధిచేసి, ఆ పిమ్మటనే రసాయనం సేవించాలన్న నియమం కూడ అక్కడనే ఉన్నది. ఈ దేహం ఆ మందుకు సిద్ధముగా ఉన్నదా అన్న ప్రశ్న మందు కంటె ముందు పుట్టినదన్నమాట.

మిత్రుడు చెప్పిన మందు పేరు రాపమైసిన్. దాని కథ విచిత్రమైనది. 1964లో కెనడా దేశపు వైద్యబృందమొకటి పసిఫిక్ మహాసముద్రంలోని ఈస్టర్ దీవికి వెళ్లి, అక్కడి మట్టిని తెచ్చినది. ఆ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి మాంట్రియల్ ప్రయోగశాలలో ఈ పదార్థాన్ని వేరుచేసినారు. దీవికి స్థానిక నామం రాపా నుయి. మందు పేరు అందులోనుంచి వచ్చినదే. అవిభక్త పంజాబులో జన్మించిన సురేంద్రనాథ్ సెహ్‌గల్ దీనిని వదలక పరిశోధించినారు. ఆ ప్రయోగశాల మూతబడినప్పుడు సూక్ష్మజీవిని తమ ఇంటి ఫ్రీజరులో దాచి కాపాడినారు. తుదకు 1999లో, మూత్రపిండం మార్పిడి చేయించుకొన్నవారికి ఇచ్చుటకై అమెరికాలో అనుమతి లభించినది. కొత్త అవయవాన్ని దేహం తిరస్కరించకుండ రోగనిరోధక శక్తిని అణచడమే అక్కడ దాని పని.

2009లో వెలువడిన పరిశోధన ఈ మందును లోకమంతట ప్రసిద్ధం చేసినది. 600 దినాల వయస్సున్న, అనగా ముసలితనం సమీపించిన, ఎలుకలకు దీనిని పెట్టగా, వాటి గరిష్ఠ ఆయుర్దాయం మగవాటిలో నూటికి 9, ఆడవాటిలో 14 చొప్పున పెరిగినది. కణానికి "పెరుగుము" అని ఆజ్ఞాపించే మీటను ఈ మందు కొంత తగ్గించును; అప్పుడు కణం తనలోని పాత సామగ్రిని శుభ్రపరచుకొనును. కాన్సరు సోకిన సెహ్‌గల్ స్వయంగా దీనిని సేవించి, వైద్యులు చెప్పిన గడువు దాటి 2003 వరకు జీవించినారు. అయితే ఒక్కరి అనుభవం ఆశకు ఆధారమే గాని నిరూపణ కాదు.

ఆ ఎలుకలకు మా వలె మూడు జబ్బులు లేవు. ఈ మందు రక్తంలో చక్కెరను, కొవ్వును పెంచవచ్చును. మూత్రంలో ప్రోటీను పోవడాన్ని హెచ్చించవచ్చును. పుండ్లు త్వరగా మానకపోవచ్చును. రక్తపుపోటుకు మేము వేసుకొనే రామిప్రిల్‌తో కలిసినప్పుడు ముఖం, గొంతు వాచే ప్రమాదం అధికం కావచ్చును. ఒక్కొక్క మాటా మా రోగాల పట్టికను చూచి వ్రాసినట్లున్నది.

ఇంకొక సంగతి మా ప్రాంతానికి సంబంధించినది. దాదాపు 90 మందుల కర్మాగారాల వ్యర్థజలాలు చేరే పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించగా, సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించినారు. ఆ మందు వాడే రోగి రక్తంలో సైతం అంత ఉండదు. అట్టి నీటిలో మందులకు లొంగని సూక్ష్మజీవులు బలపడును. రోగనిరోధక శక్తిని తగ్గించగల మాత్రను కోరేవారు తమ ఊరి వాగునొకసారి తలచుకొనుట మంచిది.

ఈ సందేహాలన్నీ మూటగట్టుకొని మా వైద్యుని వద్దకు వెళ్లినాము. ఆయన ఓపికగా విని, "ముందు మీ మందుల డబ్బా చూపండి" అన్నారు. చూపినాము. నెల ముగిసినది; రాత్రి వేసుకొనవలసిన మాత్రలు తొమ్మిది మిగిలియున్నవి. రాత్రి ప్రసారాల పనిలో మరచినవవి. "చూచినారా, మీ ఆయుష్షు మాత్రలు ఇక్కడనే మిగిలిపోయినవి" అన్నారాయన.

ఆ మాట పరిహాసానికన్నది కాదు. మేము వాడే మెట్‌ఫార్మిన్ స్థూలకాయులైన మధుమేహరోగులలో మరణాలను తగ్గించినదని బ్రిటనులో జరిగి 1998లో వెలువడిన సుదీర్ఘ పరిశోధన చూపినది. గుండెజబ్బు, పక్షవాతం, వాటివలన కలిగే మరణాలు రామిప్రిల్ వలన తగ్గినట్లు 2000లో మరొక పరిశోధన తేల్చినది. ఈ మెట్‌ఫార్మిన్ వృద్ధాప్యాన్నే వెనుకకు నెట్టునేమో చూడవలెనని, మధుమేహం లేని 3,000 మంది వృద్ధులపై పరీక్షకు అమెరికాలో పథకం వేసినారు. ఆరోగ్యవంతులు దీర్ఘాయువుకై ఆశించే మాత్రను మేము చీటిపై వ్రాయించుకొని కూడ మరచుచున్నామన్నమాట! అయితే దానికిని ఆయన హద్దు చెప్పినారు. మూత్రపిండాలు మరీ క్షీణిస్తే ఆ మాత్ర మానవలెను. ఏండ్ల తరబడి వాడేవారు బి12 విటమినును పరీక్షింపించుకొనవలెను.

మిత్రునికి మా సమాధానం చెప్పినాము. రాపమైసిన్‌ను నిందించడం లేదు. మా వంటి బహురోగులపై తగిన పరీక్షలు జరిగిననాడు మరల అడుగుతాము. అంతవరకు స్నేహితుని మాటపై కొత్త మాత్ర మింగము. శ్రోతలలో మా వంటివారు ఎందరో ఉందురు. కొత్త మందును గురించి విన్ననాడు, పాత మందులన్నీ డబ్బాతో సహా వైద్యుని ముందు పెట్టి, "ఇది వీటితో పొసగునా?" అని అడగండి. ఆ వెంటనే డబ్బాలో మిగిలినవెన్నో లెక్కించండి.

మా రాత్రి మాత్ర ఇప్పుడు ప్రసార పత్రాలతోపాటు చేతిసంచిలోనే ఉంటున్నది. ఈ నెల ఒక్కటీ మిగలలేదు.