కొయ్య వసారాకు రంగు

సంక్రాంతికి పదిహేను దినములు ముందుగా మన యిండ్లలో రంగుల మాట పుట్టును. ఆ నెలలో రంగుల మేస్త్రీ దొరకుట కష్టము. దొరికినను అతని చేతిలో అప్పటికే నాలుగిండ్ల పని యుండును. ఉదయము ఎనిమిది దాటిన దాక మంచు తడి ఆరదు, ప్రొద్దు వాలగానే మరల దిగును. అట్టి దినములలో గోడకు సున్నము వేయించుకొన్నచో పెద్ద నష్టము లేదు. కొయ్యకు రంగు వేయించుట మాత్రము పొరపాటు. ఈ సంగతి మేము చదివి తెలిసికొన్నది కాదు; కొంత సొమ్మును, ఒక మంచి స్తంభమును పోగొట్టుకొని తెలిసికొన్నది.

కోనసీమలో మాది పాత మేడ. పై అంతస్తులో వీధివైపున ఆరడుగుల వెడల్పు గల కొయ్య వసారా యున్నది. నేలకు టేకు బద్దెలు, అంచున కటాంజనము, దానిని పట్టి నిలుపు ఆరు స్తంభములు. తాతగారి నాటినుండి దానికి ఆకుపచ్చ రంగే. 2011లో పెద్దపండుగ ముందర ఒక మేస్త్రీని పిలిపించి, వసారా మొత్తమును గుత్తకు మాటాడితిమి. అతడు చెప్పిన దానిలో మూడవ వంతు తగ్గించి, గట్టి బేరము చేసితిమని మురిసిపోతిమి. అతడు వాదింపలేదు. "సరే బాబుగారూ, పండక్కి మెరిపించేస్తాను" అనెను. అన్నట్లే మెరిపించెను. మూడు దినములలో పని ముగిసినది. పండుగకు వచ్చిన చుట్టములందరును మెచ్చుకొనిరి.

జూను వానలకు బద్దెలమీది రంగు అప్పడమువలె ఉబ్బినది. అక్టోబరు నాటికి పొరలు పొరలుగా లేచినది. కటాంజనము మాత్రము పచ్చగా నిగనిగలాడుచునే యుండుటచే దాని జోలికి పోలేదు. మరుసటి సంవత్సరము ఒకనాడు మా అమ్మగారు దానిపై చేయి ఆనించి వీధిలోని కూరలబండి వానిని పిలుచుచుండగా, మూలస్తంభము మొదటికి విరిగి ముందుకు వాలినది. ప్రక్కనున్న మా మేనల్లుడు ఆమె చేయి పట్టి వెనుకకు లాగెను గనుక అపాయము తప్పినది. స్తంభమును ఊడదీసి చూచితిమి. పైన రంగు చెక్కుచెదరలేదు. లోపలి కొయ్య తడిసిన అటుకులవలె వ్రేళ్ల మధ్య నలిగిపోయినది.

మేస్త్రీని నిందించుటకు మాకు నోరాడలేదు. గుత్తపనిలో కంటికి కనబడునది పూత. కనబడనిది గీకుట, కడుగుట, ఆరనిచ్చుట, పగుళ్లలో లప్పము పెట్టుట. మేము తగ్గించిన సొమ్మును అతడు డబ్బా ధరలో తగ్గింపలేడు గదా! ఆ కనబడని దినములలోనే తగ్గించుకొనెను.

చెట్టు నిలిచియున్నప్పుడు వేరునుండి ఆకుకు నీరు మోసిన సన్నని గొట్టములే కొయ్యలోని పోగులు. కొట్టివేసిన తరువాతను ఆ గొట్టములు నీటిని పీల్చుచునే యుండును. బద్దె నడుమ కంటె కోసిన కొనలవద్ద, మేకు దిగిన చోట, స్తంభము నేలను తాకు చోట నీరు త్వరగా లోనికి పోవును. ఆ కొనలను విడిచి పైభాగమునకు మాత్రమే దట్టముగ రంగు పూసినచో, లోనికి పోయిన తడి వెలికి వచ్చు దారి మూసినట్లగును. అటుపైన బూజు తన పని తాను చేసికొనిపోవును. తడికొయ్యపై వేసిన రంగు కొయ్యకు రక్ష కాదు, చెరుపు.

రెండవమారు, 2013లో, మరియొక మేస్త్రీ వచ్చెను. ఆయన ఏ రంగు కావలెనని మమ్మడుగనేలేదు. జేబులోని చాకు తీసి ప్రతి స్తంభమును మొదటివద్ద పొడిచి చూచి, "ముందు వడ్రంగిని పిలవండి బాబుగారూ, తరవాత నన్ను పిలుద్దురు గాని" అని వెళ్లిపోయెను. ఆ మాటతో ఆయననే కుదుర్చుకొంటిమి. గీకుడు మొదలు లప్పము వరకు రోజుకూలి, పూతలకు మాత్రము గుత్త అని ఒప్పందము చేసికొంటిమి. ఇందువలన తొందరపడుటకు ఆయనకు కారణము లేదు; పూతలను సాగదీయుటకును లేదు. సరకు మేమే కొని, మూతలు మా యెదుటనే తీయించితిమి. బజానా కొంచెము ఇచ్చి, గీకుడు ముగిసిన తరువాత చూచుకొని మరికొంత, చివరి పూత ఆరిన పిమ్మట తక్కినది ఇచ్చితిమి. మేస్త్రీ చేసిన పాతపని చూడగోరువారు నిన్న మొన్నటి పనిని చూడరాదు. రెండు వానకాలములు గడచిన పనిని చూపుమని అడుగవలెను. కొత్తపని ఎవరిదైనను మెరయును.

గీకుట విషయములో ఒక హెచ్చరిక చేయవలసియున్నది. పాత రంగులలో సీసము విరివిగా కలిపెడివారు. ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని మన దేశమున 2016లో చేసిన నియమములు 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినవి. అంతకు పూర్వపు పొరలలో ఏమున్నదో కంటితో చెప్పలేము. కావున పాతరంగును పొడిగా గరుకు కాగితముతో రుద్దరాదు, మంటతో కాల్చరాదు. నీటితో తడిపి గీకించి, క్రింద పాత దుప్పటి పరచి, పెచ్చులన్నియు మూటగట్టి తీసివేయవలెను. పసిపిల్లలను, గర్భిణులను ఆ దినములలో అటు రానీయరాదు. ఆ ధూళి పిల్లల మెదడుకు చేయు కీడు మరల పూడునది కాదు. పనివారును ముక్కుకు తగిన తొడుగు పెట్టుకొని, చేతులు సబ్బుతో కడిగికొనిన పిదపనే అన్నమునకు కూర్చుండవలెను. దొడ్డిలోని కోళ్లు ఆ పెచ్చులను ఏరుకొని తినకుండ కూడ చూచుకొంటిమి.

అమెరికాలో నున్న మా బంధువుల యిండ్ల వెనుక 'డెక్' అను కొయ్యవేదిక యుండును. అక్కడివారికి ఇదే జాగ్రత్త వేరొక రూపమున కావలసివచ్చినది. చెదలకు, బూజుకు లొంగకుండ ఆ కొయ్యకు ఎక్కించు మందులో ఒకప్పుడు పాషాణము కలిసియుండెడిది. ఇండ్ల వాడుకకు అట్టి కొయ్యను తయారు చేయుట 2003 చివర మానివేసిరి. అంతకు ముందు కట్టిన వేదికను రుద్దించువారు ఆ సంగతి మరువరాదు.

ఇక నేల. నడచుచోట దట్టమైన రంగు నిలువదు. కాలి రాపిడికి ఒక్కచోట చిట్లిన చాలును, నీరు దాని క్రిందికి దూరును. ఆ మేస్త్రీ సలహాపై మేము బద్దెలకు రంగు మానివేసి, కొయ్యలోనికి ఇంకు నూనె పట్టించితిమి. ఉత్త అవిసెనూనె మన తేమగాలికి బూజు పట్టును. ఎండనాపు రంగుపొడియు, బూజునాపు మందును కలిపిన నూనెలు బజారులో దొరకును. టేకులో సహజముగనే జిడ్డు కలదు గనుక, ముందుగా టర్పెంటైను గుడ్డతో తుడిచి ఆరనిచ్చి, అటుపైన నూనె పట్టించి, ఇంకగా మిగిలినదానిని తుడిచివేయవలెను. తుడువనిచో జిగురై పాదములకు అంటుకొనును.

ఆ తుడిచిన గుడ్డలను కుప్పగా పడవేయరాదు. అవిసెనూనె గాలి సోకి ఆరునప్పుడు వేడి పుట్టును. కుప్పలో ఆ వేడి పోవు దారి లేక, నిప్పు చూపకయే గుడ్డలు అంటుకొనును. ఆరుబయట విడివిడిగా పరచవలెను, లేదా నీటిలో ముంచి యుంచవలెను.

నూనె మరల ఎప్పుడు పట్టించవలెనన్న, ఏటేట మాఘమాసమున మంచు తగ్గిన పిమ్మట బద్దెపై నాలుగు చుక్కలు నీరు చిలికి చూతుము. ముత్యములవలె నిలిచినచో ఆ యేటికి చీపురు పని చాలును. ఇంకిపోయినచో నూనె డబ్బా తీయుదుము. పని నీడలోనే, ఎండ ఒక వైపునుండి మరలిన తరువాత ఆ వైపున చేయుదుము. బద్దెల సందులలోని ఆకు చెత్తను వానలకు ముందు పుల్లతో తీసివేయుదుము. నీరు క్రిందికి పోవలసిన సందులవి.

మూలస్తంభమే ముందు పుచ్చుటకు కారణమేమో చాలకాలము మాకు తోచలేదు. వడ్రంగి వచ్చి చూపించెను. దానిని ఆనుకొనియే తులసి కుండీ యుండెను; ప్రతి ఉదయమును చెంబెడు నీరు. కుండీని క్రింది వాకిటి అరుగుమీదికి దింపుదుమని అనగా అమ్మగారు ముందు ఒప్పుకొనలేదు. వసారాలో మరియొక పాలకుర్చీ వేయింతుమని, కూరలబండిని అక్కడ కూర్చుండియే పిలువవచ్చునని చెప్పిన మీదట ఒప్పుకొనిరి. కొత్త స్తంభమును మాత్రము నేటికిని ఒకమారు చేతితో ఊపి చూచినగాని ఆమె కుర్చీలో కూర్చుండరు.