కరెంటు పోతే జనరేటర్ లేచినట్టు

ట్వంటే నుంచి మాట్లాడుతున్నాను. మా సైటులో రాడ్‌బెండింగ్ చేసే తమ్ముడొకడు మొన్న అడిగాడు: "అన్నా, నాన్నకి పెద్దపేగు క్యాన్సర్. నెలనెలా డబ్బు పంపుతున్నా. మందు వాడుతున్నా గడ్డ పెరుగుతోందంట. నకిలీ మందు ఇచ్చారా?" చాలామందికి వచ్చే అనుమానమే ఇది. మందు మంచిదే అయినా గడ్డ తప్పించుకోగలదు. ఎలాగో చెబుతా.

కణం పెరగాలా ఆగాలా అని నడిపించేవి ప్రొటీన్లు. వాటిలో చాలావాటికి ఫాస్ఫేట్ అనే చిన్న ముక్క స్విచ్ లాంటిది. అతుక్కుంటే ఒకలా, ఊడితే ఇంకోలా పనిచేస్తాయి. ఆ ముక్క వచ్చేది ఏటీపీ నుంచి. 1929లో ఏటీపీని బయటపెట్టినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. ఆయన కూడా అమెరికాలో చదువుకుంటూ, ఖర్చులకి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ పోర్టరుగా చేసినవారే.

ఇప్పుడు మన సైటు చేంజోవర్ ప్యానెల్ గుర్తుచేసుకోండి. మెయిన్ సప్లై ఉన్నంతసేపు జనరేటర్ ఆగి ఉంటుంది. కరెంటు పోగానే తనంతట తానే లేస్తుంది. కొందరి పేగు గడ్డలో బీరాఫ్ అనే ప్రొటీన్ చెడిపోయి ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. అది మెయిన్. ఈజీఎఫ్ఆర్ అనేది జనరేటర్. బీరాఫ్ నడుస్తున్నంతసేపు, ఈజీఎఫ్ఆర్ మీద ఫాస్ఫేట్‌ని ఊడదీసే ప్రొటీన్ ఒకటి పనిచేస్తూ ఉంటుంది. మందుతో బీరాఫ్‌ని ఆపితే, ఆ ఊడదీసేది కూడా మందగిస్తుంది. ఈజీఎఫ్ఆర్‌కి ఫాస్ఫేట్ అంటుకుని లేస్తుంది. గడ్డకి మళ్లీ పవర్!

2012లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు దీన్ని తేల్చారు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కి బాగా పనిచేసిన మాత్ర పేగు క్యాన్సర్‌కి ఎందుకు పనిచేయలేదో అప్పుడు తెలిసింది. మెలనోమా కణాల్లో ఈజీఎఫ్ఆర్ చాలా తక్కువ, అంటే జనరేటరే లేనట్టు. మరి పేగు గడ్డకి? రెండు లైన్లూ కట్ చేయాలి. 2020లో అమెరికా ఎన్‌కోరాఫెనిబ్ మాత్ర, సెటుక్సిమాబ్ ఇంజెక్షన్ కలిపి వాడటానికి అనుమతిచ్చింది.

అందరి గడ్డా ఇలాంటిది కాదు. రాస్ జన్యువు చెడితే సెటుక్సిమాబ్ పనిచేయదు. అందుకే ఇంటికి ఫోన్ చేసి, డాక్టరు గారిని ఇలా అడగమనండి: "రాస్, బీరాఫ్ టెస్టులు చేశారా? రిపోర్టులో ఏముంది?" అనుమానంతో మందు మనంతట మనం ఆపొద్దు.

ఇంకోమాట. దొడ్డికెళ్లినప్పుడు రక్తం పడితే మొలలేలే అని ఊరుకోకండి. లీవు పెట్టి డాక్టరుకి చూపించుకోండి. ఉంటాను.