బకింగ్‌హాము కాలువ
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన తూర్పు తీరము పొడవైనదే గాని, సహజమైన రేవులు మిక్కిలి తక్కువ. మద్రాసులో కృత్రిమముగా రేవు నిర్మింపకపూర్వము ఓడలు దూరముననే లంగరు వేసెడివి. సరకులు మసూలా పడవలలో కెరటములను దాటి ఒడ్డు చేరెడివి. అందువలన తీరము వెంటనున్న ఉప్పుటేర్లను, పులికాటు సరస్సును త్రవ్వి కలిపి, సముద్రమునకు సమాంతరముగా ఒక జలమార్గము నేర్పరచుట మేలని కొందరికి తోచినది.

1806లో మద్రాసు నుండి ఎన్నూరు వరకు సుమారు 11 మైళ్ళ కాలువ సిద్ధమైనది. పెట్టుబడి పెట్టిన బేసిల్ కొక్రేన్ పేరనే దానిని పిలిచిరి. 1837లో కంపెనీ ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొని క్రమముగా ఉత్తరమునకు పొడిగించినది. తుదకు పెదగంజాము వద్ద అది కృష్ణా డెల్టాలోని కొమ్మమూరు కాలువను కలిసెను. అచ్చటినుండి కృష్ణా గోదావరి కాలువల మీదుగా కాకినాడ వరకు పడవలు పోగలిగెను. దక్షిణమున మరక్కాణము దాని అవధి. మొత్తము పొడవు సుమారు 420 కిలోమీటర్లు. ధాన్యము, ఉప్పు, సరుగుడు కట్టెలు దీనిమీదనే మద్రాసు చేరెడివి. గాలి అనుకూలించినపుడు తెరచాప ఎత్తెడివారు; లేనపుడు గట్టుమీద నడచుచు మనుష్యులే త్రాటితో పడవను లాగెడివారు.

ఈ కాలువ చరిత్రలో కలకత్తాతో ముడిపడిన ఘట్టమొకటి కలదు. 1876–78 నాటి మహాక్షామమున కడప, కర్నూలు, బళ్ళారి, నెల్లూరు మండలములు అల్లాడిపోయినవి. మద్రాసు నగరములో కూవము, అడయారు నదులను కలుపు సుమారు 8 కిలోమీటర్ల భాగమును 1877–78లో క్షామపీడితులచే త్రవ్వించిరి. నాటి గవర్నరగు బకింగ్‌హాము ప్రభువు పేరు కాలువకు వచ్చినది అప్పుడే.

ఆ రోజులలో హిందూదేశ ప్రభుత్వము క్షామపు వ్యయమును తగ్గింపుమని సర్ రిచర్డు టెంపులును మద్రాసునకు పంపినది. అంతవరకు ఆయన వంగదేశపు లెఫ్టినెంటు గవర్నరు. నేడు జాతీయ గ్రంథాలయ ప్రాంగణములోనున్న బెల్వెడియర్ భవనమే ఆ పదవి వారి నివాసము. 1873–74 క్షామమున ఆయన బర్మా బియ్యము తెప్పించి అసంఖ్యాక ప్రాణములను కాపాడెను. దానికి దుబారా చేసెనన్న నింద పొందెను. ఈ పర్యాయము, పని చేయు పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యము, స్వల్పముగా రొక్కము చాలునని నిర్ణయించెను. ఒకటిన్నర పౌనుకు తగ్గరాదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ పట్టుదలతో వాదించెను. ఆ సంవత్సరముననే మద్రాసు ప్రభుత్వము దానిని కొంత హెచ్చించినది. అయినను దక్షిణాదిని యాబది లక్షలకు మించిన జనము నశించిరని అంచనా.

1899లో బెజవాడ, మద్రాసుల నడుమ రైలు నడచిన పిదప కాలువ ప్రాముఖ్యము తగ్గజొచ్చెను. హుగ్లీ గట్టున గేవోఖాలీ నుండి ఒరిస్సా తీరము వెంట త్రవ్విన కాలువకును రైలు వలన ఇదే గతి పట్టినది. 1965, 1966 తుపానులు మన కాలువను మరింత పాడుచేసినవి. మద్రాసు నగరములో అది మురుగునీటి పాలైనది. దాని గర్భముననే నగర రైలుమార్గపు స్తంభములు నిలిచినవి. అయినను 2004 సునామీనాడు పెక్కు తీరగ్రామములను తాకవలసిన నీటి ఉద్ధృతిని అది కొంత తనలో నిముడ్చుకొనెను. 2008లో ఈ రెండు కాలువలును జాతీయ జలమార్గములలో చేరినవి.

కాలువకు గవర్నరు పేరు నిలిచినది; మట్టి మోసినవారి పేరొక్కటియు నిలువలేదు. దస్త్రములు వ్రాయు ఉద్యోగులమగు మనకు ఇందొక హెచ్చరిక కలదు. మనము కాగితముపై దిద్దు అంకె ఎక్కడనో ఒకని విస్తరిలో పిడికెడు అన్నమై హెచ్చును, లేదా తగ్గును. పొదుపు అవసరమే. కాని కార్నిష్ వలె ఆకలిని లెక్కించి, ఆ లెక్కను పైవారి ఎదుట నిర్భయముగా ఉంచువాడొకడు ప్రతి కార్యాలయమునను ఉండవలెను. అతడు మనలోనివాడే కావలెనని కోరుచున్నాను.