అటకమీది పత్రికా కెమెరా ఏనాటిది?



1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రరాష్ట్రంలో చేరగా, బళ్లారి మిగిలిన తాలూకాలతో మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆనాటి సభలనూ ఊరేగింపులనూ చిత్రించినదని చెప్పుకొనే పెద్ద కెమెరా ఒక ఇంటి అటకపై దొరికితే, ఆ మాట నిజమో కాదో తేల్చవలసిన మొదటి సాక్షి ఆ యంత్రమే. పాతసామాన్ల వానికి తూచి ఇచ్చిన తరువాత సాక్ష్యం మిగలదు.

పత్రికా కెమెరాలలో మిక్కిలి ప్రసిద్ధి పొందినది అమెరికాలోని రోచెస్టరులో తయారైన స్పీడ్ గ్రాఫిక్. 1912లో మొదలైన ఈ పేరు అర్ధశతాబ్దికి పైగా నిలిచింది. పెట్టె ముందుతలుపు దింపితే అదే బల్లగా మారుతుంది. కొలిమితిత్తి వలె మడతలుపడిన తోలుతో లెన్సు దానిపైకి జరుగుతుంది. వెనుక, ఫిల్మునకు ఎదురుగా, గుడ్డతెర పరుగెత్తే షట్టరు ఒకటి ఉంటుంది. చూపునకు అచ్చం ఇటువంటిదే అయిన క్రౌన్ గ్రాఫిక్‌లో ఆ తెర ఉండదు.

పేరుపలక కొంత చెబుతుంది. ఫోల్మర్ గ్రాఫ్లెక్స్ కార్పొరేషన్ అన్న పేరు 1926 నుండి 1945 వరకు సాగింది. ఆపైన గ్రాఫ్లెక్స్ ఇన్‌కార్పొరేటెడ్. తెరషట్టరుకు ఇరవైనాలుగు వేగాల పట్టిక పెట్టెపై బిగించి ఉంటే అది 1947కు ముందరి నమూనా. ఆ ఏడు వచ్చిన పేస్‌మేకర్‌లో వేగాలు ఆరే.

చాలామంది పొరబడేది లెన్సు దగ్గర. కొడాక్ ఎక్టార్ లెన్సుల సంఖ్యకు ముందున్న రెండక్షరాలు తయారైన ఏటిని తెలుపుతాయి. 'కెమెరోసిటీ' అన్న ఆంగ్లపదంలోని పది అక్షరాలూ వరుసగా ఒకటి నుండి తొమ్మిది, చివరిది సున్న. కనుక ఇ, ఓ అని ఉంటే 1946. అయితే లెన్సును ఊడదీసి వేరొకటి బిగించడం నిమిషాల పని. అది లెన్సు వయస్సే కాని పెట్టె వయస్సు కాదు. రెండూ పొసగితేనే నమ్మదగినది.

తేలిన సంవత్సరమైనా ఒకవైపు హద్దు మాత్రమే. పేస్‌మేకర్ 1937 నాటి సభను చూచి ఉండజాలదు. 1953 నాటిదాన్ని చూచి ఉండవచ్చు. చూచిందా అన్నది ఫిల్మే చెప్పాలి.

అందుచేత కెమెరాతోపాటు పలుచని ఫిల్ము హోల్డర్లు దొరికితే వెలుతురులో తెరవరాదు. వాటి జారుపలక పైఅంచుకు ఒకవైపు తెలుపు, మరొకవైపు నలుపు ఉంటుంది. నలుపు బయటికి ఉంటే, వాడుక ప్రకారం, లోపలి ఫిల్ముపై బొమ్మ పడినట్లే. దానిని చీకటిగదిలోనే తీయించాలి.