మనవాడా, పనిమంతుడా?

(మన వేదిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దేశాన్ని నడపడానికి ఫలానా మనిషి తగునా, తగడా అని ఎలా తేల్చుకోవాలి? ఈ రోజు నాకిచ్చిన అంశం ఇది.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. భారత ప్రధాని కావాలంటే పార్లమెంటు ఉభయసభల్లో ఏదో ఒకదాంట్లో సభ్యుడై ఉండాలి, కాకపోతే ఆరు నెలల్లోగా కావాలి. లోక్‌సభకైతే 25 ఏళ్ళు, రాజ్యసభకైతే 30 ఏళ్ళు నిండాలి. మనం ఉంటున్న ఈ అమెరికాలో అధ్యక్షుడికి 35 ఏళ్ళు నిండాలి, పుట్టుకతో పౌరుడై ఉండాలి, 14 ఏళ్ళు దేశంలో నివసించి ఉండాలి. దాదాపుగా అంతే! కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన కుర్రాడిని ఉద్యోగంలోకి తీసుకోవడానికే మనం నాలుగు రౌండ్ల ఇంటర్వ్యూ చేస్తాం కదా. మరి ఇంత పెద్ద ఉద్యోగానికి ఇంత తక్కువ అర్హతలేమిటి? ఎందుకంటే మిగతా ఇంటర్వ్యూ అంతా ఓటరు చెయ్యాలి. ఆ ఇంటర్వ్యూ మనం ఎలా చేస్తున్నామన్నదే నా ప్రశ్న.

మన విందుల్లో, వారాంతపు కబుర్లలో వినిపించే కొలతలు నాలుగు.

మొదటిది చదువు. మనలో చాలామందికి మాస్టర్స్ డిగ్రీలున్నాయి కాబట్టి దీనిమీద మనకు మోజు ఎక్కువ. కానీ అబ్రహాం లింకన్ బడిలో గడిపిన రోజులన్నీ కలిపినా ఏడాదికి మించవు.

రెండోది మాటకారితనం. మైకు ముందు బాగా మాట్లాడేవాడు ఫైలు ముందు ఎలా ఉంటాడో ప్రసంగం చెప్పదు.

మూడోది అనుభవం. ఇది కొంత నయం, కానీ పదవుల జాబితాను అనుభవం అనుకోవడంలోనే పొరపాటుంది. లింకన్‌కు ముందు అధ్యక్షుడు జేమ్స్ బుకానన్. ఆయన ప్రతినిధుల సభలో, సెనేట్‌లో పనిచేశాడు, విదేశాంగ మంత్రిగా ఉన్నాడు, రష్యాకూ బ్రిటన్‌కూ రాయబారిగా వెళ్ళాడు. అంత బయోడేటా ఉన్నవాళ్ళు అరుదు. 1861 మార్చిలో ఆయన దిగిపోయేనాటికి ఏడు రాష్ట్రాలు దేశం నుంచి విడిపోతున్నామని ప్రకటించేశాయి. ఆ తర్వాత వచ్చిన లింకన్‌కు ఉన్నది ఎనిమిదేళ్ళ ఇల్లినాయ్ శాసనసభ, రెండేళ్ళ ప్రతినిధుల సభ. దేశాన్ని నిలబెట్టింది ఆయన.

నాలుగోది పైకి ఎవరూ ఒప్పుకోరు గాని మిగతా మూడింటినీ మింగేసేది అదే. "మనవాడేనా?" మన జిల్లావాడా, మన ప్రాంతంవాడా, మన కులంవాడా? సముద్రాలు దాటి వచ్చినా ఈ కొలబద్దను మాత్రం సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చుకున్నాం.

వీటి బదులు నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. ఇదివరకు చేతిలో ఉన్న అధికారంతో ఏం చేశాడు? తన చుట్టూ ఎవరిని పెట్టుకున్నాడు? పరిస్థితి చెయ్యి దాటిపోతున్న గంటలో ఎలా ప్రవర్తించాడు? ఈ ప్రశ్నలు పనికొస్తాయో లేదో, మనందరం "మనవాడు" అని చెప్పుకునే మనిషి మీదే పెట్టి చూద్దాం. పీవీ నరసింహారావు గారు.

1991 ఎన్నికల్లో ఆయన పోటీ చెయ్యలేదు. జూన్ 21న ప్రధానిగా ప్రమాణం చేసేనాటికి ఏ సభలోనూ సభ్యుడు కాదు. నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వచ్చారు. పార్టీకి సభలో మెజారిటీ లేదు. విదేశీ మారకం కొద్ది వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయేలా ఉంది. జులైలో సుమారు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర తాకట్టు పెట్టాల్సి వచ్చింది.

మొదటి ప్రశ్న. 1971లో ముఖ్యమంత్రి అయినప్పుడు ఆయన భూసంస్కరణలకు పూనుకున్నారు. పెద్ద భూస్వాములు ఎక్కువగా ఉన్న పార్టీలో ఉండి, స్వయంగా భూస్వామి అయి ఉండి ఆ పని తలపెట్టడం తేలిక కాదు. కానీ బలమైన వర్గాలు దూరమయ్యాయి. ముల్కీ నిబంధనలపై సుప్రీంకోర్టు తీర్పు, జై ఆంధ్ర ఉద్యమం తోడయ్యాయి. 1973 జనవరిలో పదవి పోయింది, రాష్ట్రపతి పాలన వచ్చింది. 1991లో అదే మనిషి అడుగు వేసిన తీరు చూడండి. పరిశ్రమల శాఖ తన దగ్గరే ఉంచుకున్నారు. జులై 24న, బడ్జెట్ ప్రవేశపెట్టిన రోజునే, కొత్త పారిశ్రామిక విధానం సభ ముందుకు వచ్చింది. 18 పరిశ్రమలకు తప్ప మిగతావాటికి లైసెన్సు అక్కర్లేదన్నారు. అంత పెద్ద మార్పును పాత విధానానికి కొనసాగింపు అన్నట్టుగానే పార్టీకి నచ్చజెప్పుకున్నారు. దెబ్బ తిని నేర్చుకున్న మనిషి ఇక్కడ కనిపిస్తాడు.

రెండో ప్రశ్న. ఆర్థిక మంత్రిగా ఓట్లు తెచ్చే నాయకుణ్ణి కాకుండా, రిజర్వ్ బ్యాంక్ గవర్నరుగా పనిచేసిన మన్మోహన్ సింగ్‌ను తెచ్చారు. 1994లో కాశ్మీర్ విషయం జెనీవాలో మానవ హక్కుల కమిషన్ ముందుకు వచ్చినప్పుడు మన బృందానికి నాయకుడిగా ప్రతిపక్ష నేత వాజ్‌పేయిని పంపారు. తనకంటే ఆ పని బాగా చేసేవాణ్ణి వెతికి ముందు నిలబెట్టడం నాయకుడి లక్షణం. లింకన్ కూడా తనతో పార్టీ టికెట్‌కు పోటీపడ్డ ముగ్గురిని మంత్రివర్గంలోకి తీసుకున్నాడు.

మూడో ప్రశ్న దగ్గర మనం సాధారణంగా పేజీ తిప్పేస్తాం. 1984లో ఇందిరాగాంధీ హత్య తర్వాత ఢిల్లీలో సిక్కుల మీద జరిగిన మారణకాండలో ప్రభుత్వ లెక్క ప్రకారమే 2,733 మంది చనిపోయారు. అప్పుడు కేంద్ర హోం మంత్రి పీవీ గారు. ఢిల్లీ పోలీసులు ఆ శాఖ కిందివాళ్ళే. నిర్ణయాలు ఆయన చేతిలోంచి ప్రధాని కార్యాలయానికి వెళ్ళిపోయాయని ఆయన పక్షాన వాదించేవారు అంటారు. అదే నిజమనుకున్నా, ఆయన రాజీనామా చెయ్యలేదు. ఎనిమిదేళ్ళ తర్వాత, 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలింది. రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు ఇచ్చిన హామీని నమ్మానన్నారు. అనుమానం మీద ఎన్నికైన ప్రభుత్వాన్ని రద్దు చెయ్యడం సరికాదన్న వాదనా తోసిపారెయ్యదగ్గది కాదు. కానీ కేంద్ర బలగాలు దగ్గరలోనే ఉండి ఉపయోగపడకుండా పోయాయి.

ఈ రెండు సంఘటనలూ పక్కపక్కన పెట్టి చూడండి. 1991లో ఎవరైనా ఆయన పాత రికార్డును నిదానంగా చదివి ఉంటే రెండు మాటలూ చెప్పగలిగేవారు. ఓపికగా, నేర్పుగా చిక్కుముడి విప్పగలడు. గంటల్లో తేల్చాల్సిన సమయంలో మాత్రం వేచి చూస్తాడు. తర్వాత అయిదేళ్ళలో రెండూ జరిగాయి. ఆయన ఎన్ని భాషలు మాట్లాడతారు, "వేయిపడగలు"ను హిందీలోకి ఎంత బాగా తెచ్చారు అని మనం గర్వంగా చెప్పుకుంటాం. గర్వపడదాం, తప్పులేదు. 2024లో భారతరత్న వచ్చినందుకూ సంతోషిద్దాం. కానీ ఆ గర్వం ఈ రెండు మాటల్లో ఏ ఒక్కటీ మనకు ముందుగా చెప్పలేదు. రికార్డు చెప్పింది.

"ఇదంతా చరిత్ర, మాకెందుకు?" అని మీరడగవచ్చు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు 2010 చట్ట సవరణతో ఓటర్ల జాబితాలో చేరే హక్కు వచ్చింది. కానీ 2024 ఎన్నికల్లో కూడా ఓటెయ్యాలంటే స్వయంగా ఊళ్ళో బూత్‌కు వెళ్ళాల్సిందే. కాబట్టి మన ఓట్లు తక్కువ. మన మాటకు మాత్రం విలువ ఎక్కువ. ఎన్నికలొస్తే ఇంటి నుంచి ఫోన్ వస్తుంది, "ఎవరికి వెయ్యమంటావురా?" అని. అమెరికాలో ఉన్నవాడికి అన్నీ తెలుసని వాళ్ళ నమ్మకం. ఆ ఒక్క ఫోనుతో ఒక ఇంటి ఓట్లు, ఒక్కోసారి ఒక వీధి ఓట్లు అటో ఇటో అవుతాయి. పాలన బాగున్నా, చెడినా అనుభవించేది వాళ్ళు. మన జీతం, మన పిల్లల బడి ఇక్కడ భద్రంగానే ఉంటాయి. అందుకే తెలుసుకోకుండా చెప్పే హక్కు మనకు ఇంకా తక్కువ.

తెలుసుకోవడం కష్టమా అంటే ఒకప్పుడు కష్టమే. 2002, 2003 సుప్రీంకోర్టు తీర్పుల తర్వాత ప్రతి అభ్యర్థీ తన మీదున్న కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అఫిడవిట్‌లో చెప్పాలి. అది ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఉంటుంది. సభలో అడిగిన ప్రశ్నలు, ప్రసంగాలు దొరుకుతాయి. రాష్ట్రాన్ని ఏలినవాడైతే కాగ్ నివేదికలున్నాయి. ఒక కెమెరా కొనేముందు ఇరవై రివ్యూలు చదివేవాళ్ళం మనం. ఒక్క సాయంత్రం దీనికి ఇవ్వలేమా?

నాదొక విన్నపం. ఈ మూడు ప్రశ్నలూ ముందుగా మీకు నచ్చని నాయకుడి మీద వెయ్యకండి, అది సులువు. మీరు అభిమానించే నాయకుడి మీద వెయ్యండి. జవాబు వచ్చాక కూడా అతనే తగినవాడనిపిస్తే ధైర్యంగా ఇంటికి ఫోన్ చెయ్యండి. అడిగితే పేరుతో పాటు కారణమూ చెప్పండి. కారణం చెప్పలేకపోతే ఆ పూటకు పేరు కూడా చెప్పకండి.