కార్డులో వయసు, ఒంట్లో వయసు
(ఏజెన్సీ రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



70 ఏళ్లు దాటినవారందరికీ, ఆదాయంతో పని లేకుండా, 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ పథకం వర్తింపజేశారు. మంచిదే. కానీ వయసుకు రుజువు ఆధారే. పోడు చేసుకుని బతికిన మన ఆదివాసీ పెద్దల్లో ఎంతమందికి పుట్టిన తేదీ రాసి ఉంది? చాలామందికి అంచనాగా వేసిన వయసే. ఐదేళ్లు తక్కువ పడితే ఐదేళ్లు ఆగాల్సిందే.

కార్డు వచ్చినా, అది ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది. నెలనెలా వేసుకునే బీపీ, షుగర్ మాత్రలకు కాదు. మాత్రలు ఆగితేనే కదా పక్షవాతం వచ్చి డోలీ కట్టాల్సి వచ్చేది!

అందుకే మనం గట్టిగా అడుగుదాం. గ్రామసభ తీర్మానంతో వయసు సరిచేయాలి. సబ్ సెంటర్‌లో మాత్రలు ఆగకుండా ఇవ్వాలి. దారి ఖర్చులూ ఇవ్వాలి.